ఏరకుండా తీసిన నూరు గింజలు

మా మేడమ్‌గారు పోయారని నాతో పాటు ఫారంలో పనిచేసిన దాదా ఫోన్ చేసేసరికి నేను కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. ఏక్‌బాల్‌పూర్‌లో మా గడప మీద పొద్దున పూట కాస్త ఎండ పడుతుంది. అక్కడ చాట పెట్టుకుని కూర్చోవడం నాకు రోజూ ఉన్నదే. మనవరాలు ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించింది. అవతల దాదా. "మేడమ్ నేఇ, మిస్త్రి" అన్నాడు. మేడమ్ లేరు. అంతే.

ఫోన్ పిల్లకు ఇచ్చేసి మళ్లీ చాటలోకి వంగాను. కాసేపయ్యాక చూసుకుంటే పప్పు బద్దల్ని పదేసి చొప్పున పది కుప్పలు పెట్టి ఉన్నాను. నా చేతులకు తెలిసిన ఏడుపు అదే.

ఈ నాలుగు ముక్కలు మన తెలుగు సంఘం పుస్తకానికి రాస్తున్నాను. ఆవిడ మీలో చాలామందికి తెలుసు. ఉగాది సభలో వెనక వరసలో కూర్చుని, చేతిసంచిలోంచి గింజలు తీసి వేళ్ల మధ్య దొర్లిస్తూ ఉండే బక్కపలచని మనిషి. సోయా చిక్కుడు గింజ ఎందుకు బరువవుతుంది, ఎందుకు తేలికవుతుంది అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని జీవితమంతా గడిపారు. పెద్ద చదువుల వాళ్లు ఆవిడ రాసిన కాగితాల గురించి రాస్తారు. అవి నాకు తెలియవు. నాకొచ్చిన అక్షరాలు చర్చిలో ఆదివారం బడి పెట్టిన భిక్ష. తప్పులుంటే దిద్దుకోండి గానీ నా మాట మాత్రం మార్చకండి.

నేను అసలు పొలం మనిషిని కాను. గార్డెన్ రీచ్ రేవులో ముఠా మేస్త్రీని. గోనె భుజాన పడిందంటే లోపల గోధుమలో, ఆవాలో, కందులో చూడకుండా చెప్పేవాణ్ణి. ఒకనాడు వానలో ఓడకు వేసిన పలక మీద కాలు జారింది. నడుము పోయింది. ఇక బరువు ఎత్తొద్దన్నాడు డాక్టరు. బరువెత్తని మేస్త్రీని రేవులో ఎవరూ మేస్త్రీ అనరు. ఎర్ర జెండా ప్రభుత్వం వచ్చిన కొత్తలవి. ఎటు చూసినా ఊరేగింపులే, నేను మాత్రం మంచానికి అంటుకుని పడి ఉన్నాను.

మా ఆవిడ అప్పుడు అలీపూర్ వైపు ఒక బ్యాంకు ఆఫీసరు గారింట్లో వంట చేసేది. వాళ్లు కృష్ణా జిల్లా వాళ్లు. ఆఫీసరు గారి భార్యే మా మేడమ్‌గారు. బడ్జ్ బడ్జ్ దాటాక ఉన్న ఒక వ్యవసాయ కాలేజీ ఫారంలో ఆవిడ ఉద్యోగం. ఒకరోజు మా ఆవిడ ఏడుస్తూ ఇంటికొచ్చింది. డబ్బాలో ఏదో కొత్త రకం పప్పు ఉందనుకుని నానబోసిందట. తీరా చూస్తే అవి మేడమ్‌గారు దాచుకున్న విత్తనాలు.

నేను నడుము పట్టుకుని, దెబ్బలాటకు సిద్ధమై వెళ్లాను. తలుపు ఆవిడే తీశారు.

"మీరేనా మేస్త్రీ గారు?"

"ఒకప్పుడు. పిడికెడు గింజల కోసం మా ఆడమనిసిని ఏటీ అనొద్దండి. పప్పనుకుంది."

"పప్పే కదండీ. వండి ఉంటే నేనూ తినేదాన్ని. రండి, కూర్చోండి."

నాతో తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ లోపలికి వెళ్లి రెండు గుప్పిళ్లు బిగించుకుని వచ్చారు. నా రెండు చేతుల్లో గింజలు పోశారు.

"రెండింట్లోనూ నూరేసి ఉన్నాయి. ఏది బరువు?"

"ఎడం సేతిది."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?"

"పాతికేళ్లు నాను మోసినది ఏటండీ, దూదా?"

ఆవిడ నవ్వారు. ఆ రెండు గుప్పిళ్లూ ఒకే రకం విత్తనం పంటేనట. ఒకటి ఫారంలో ఒండ్రుమట్టిలో పండింది, ఇంకోటి ఎర్రమట్టి జిల్లాలో నీళ్లు చాలక పండింది. "గింజ బరువులో పుట్టుక ఇచ్చేది ఎంత, పండిన చోటు ఇచ్చేది ఎంత, అది తేల్చడమే నా పని" అన్నారు. దానికి కూడా జీతం ఇస్తారా అని అడిగేశాను. ఆవిడ ఇంకా నవ్వి, "మీకూ ఇప్పిస్తాను, సోమవారం ఫారానికి రండి, మేస్త్రీ గారూ" అన్నారు.

రేవు తీసేసుకున్న పేరును ఆవిడ గుమ్మంలోనే తిరిగి ఇచ్చేశారు. చివరిదాకా ఆవిడ నోట నాకు వేరే పేరు లేదు.

ఫారంలో ఆవిడ తీరే వేరు. బురదలో రబ్బరు చెప్పులు, కుచ్చెళ్లు ఎగదోపిన నేత చీర, చంకలో నల్ల గొడుగు. ఆ గొడుగు వాన కోసం విప్పడం నేను చూడలేదు. దానితో చాళ్ల మధ్య ఎడం కొలిచేవారు. టీ తాగిన చిన్న మట్టి భాండాలను పారేయనిచ్చేవారు కాదు. అడుగున చిల్లు పొడిచి, మన్ను పోసి, అందులో గింజ పెట్టేవారు. ఆఫీసు కిటికీ నిండా భాండాలే, ఒక్కో దానిలో రెండేసి ఆకులు. పైనున్న పెద్ద సారు వచ్చినప్పుడల్లా "ఇది ఆఫీసా, టీ కొట్టా?" అని విసుక్కునేవాడు.

ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. గింజలు ఆరబెట్టే పొయ్యి కరెంటుది. అది ఆగిపోయిందంటే ఆ రోజుకు తూకం లేనట్టే. నాకు చిరాకు పుట్టి, "ఉన్నకాడికి తూసీవచ్చు కదండీ" అనేవాణ్ణి. "ఈ ఊరి గాలి గింజకు నీళ్లు తాగిస్తుంది మేస్త్రీ గారూ. నీళ్లను తూచి గింజను పొగడకూడదు" అనేవారు. అని ఊరుకోకుండా గొడుగు పక్కన పెట్టి చేలో కలుపు తీయడానికి దిగిపోయేవారు.

గింజ బరువు చూసే పద్ధతి చెబుతాను. మడి కోసి, నూర్చి, ఆరబెట్టాక, ఆ గింజల్లోంచి నూరు తీసి అద్దాల పెట్టెలో ఉన్న తక్కెడలో తూచాలి. ఒక్కో రకానికి ఫారంలోనే మూడు చోట్ల మడులు. ప్రతి మడికీ నూరు, మళ్లీ నూరు, మళ్లీ నూరు. రకాలకు పేర్లుండవు, నంబర్లే. ఈ లెక్కపెట్టడం మామూలుగా దాదా పని. దాదా అంటే ఫారంలో పుట్టి పెరిగినట్టుండే బెంగాలీ మనిషి, యూనియన్‌లో కూడా పెద్దే. నేను చేరిన రెండో ఏడు కోతల సమయానికి అతను యూనియన్ సభల పనిలో పడ్డాడు. ఆ చలికాలం లెక్క మొత్తం నా మీద పడింది.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక ముక్క చెప్పాలి. మాకు సొంతానికి చారెడు నేల లేదు. కానీ శ్రీకాకుళం వైపు మా ఊళ్లో వేరుశనగ విత్తనం ఏరాలంటే ఆసాములు మా అమ్మ కోసం కబురు పెట్టేవారు. చెయ్యి అలా తిప్పిందంటే తాలు ఒక పక్క, నిండు గింజ ఒక పక్క. ఆవిడ ఏరిన విత్తనమైతే మొలకకు భయం లేదనేవారు. నేను ఆ చాట పక్కన పాకి పెరిగినవాణ్ణి. విత్తనం అన్న మాట వింటే నా చేతికి తెలిసింది ఒక్కటే, ఏరడం.

అదే చేశాను. ప్రతి మడి గింజలూ బల్ల మీద పరిచి, ముడతలు పడ్డవి, చప్పిడివి చిటికెన వేలితో పక్కకు నెట్టి, గుండ్రటివి నూరు తీసి అద్దాల పెట్టెలో పెట్టాను. ఆవిడకు చెప్పలేదు. దాచిపెట్టీ కాదు. చెప్పాల్సిన సంగతి అందులో ఏముంది? మంచి బట్టలు కట్టుకుని చర్చికి వెళతాం, దానికి ఎవరికైనా కబురు పెడతామా?

అలా తూచిన వాటిలో పదిహేడో నంబరు అన్నిటి కంటే పైన నిలిచింది. ఆవిడ నమ్మలేక నా చేతే మళ్లీ తీయించారు. మళ్లీ అంతే. ఈ గడ్డకు తగిన బరువైన గింజ దొరికిందని పిల్లలా గెంతారు. కొత్త ఈతబెల్లంతో చేసే నొలెన్ గుడ్ సందేశ్ మిఠాయి తెప్పించి ఫారం మొత్తానికి పంచారు. "మన మేస్త్రీ గారి చేతి చలవ" అంటే నేను మీసం దువ్వుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే దువ్వుకున్నాను.

పై ఏడు పదిహేడును మూడు ఊళ్లలో వేశాం. ఎర్రమట్టి జిల్లాకు రైల్లో సంచులు నేనే పట్టుకెళ్లాను. పంట వచ్చాక లెక్క దాదా చూశాడు. ఫారంలో చిన్న గింజ. ఎర్రమట్టిలో ఇంకా చిన్న గింజ. మూడో చోటా అంతే. నిరుటి బరువు ఎక్కడా లేదు.

ఆవిడ ముందు చోటును అనుమానించారు. మన్ను తవ్వించి పరీక్షకు పంపారు. వానల లెక్క తీశారు. కాయలో గింజ నిండే రోజుల్లో నీళ్లు చాలలేదేమో, ఆలస్యంగా వేశామేమో, చెట్టుకు కాయలు మరీ ఎక్కువై గింజకు వాటా తగ్గిందేమో. ఒక్కొక్కటే రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసేవారు. మనిషి చిక్కిపోయారు. ఇంతలో పెద్ద సారు పిలిచి, వచ్చే దసరా పూజల తర్వాత ఒక కమిటీ వస్తుందనీ, సోయా పని ఉంచాలో ఆ నేల మొత్తం వరికి ఇచ్చేయాలో వాళ్లు తేలుస్తారనీ చెప్పాడు. పదిహేడు ఆవిడ మెడకు చుట్టుకుంది.

చైత్రం ఎండల్లో ఒక మధ్యాహ్నం ఆవిడ మొదటి ఏటి గింజల్లో మిగిలినవి ట్రంకులోంచి తీయించారు. గుప్పెడు తీసి, తానే నూరు లెక్కపెట్టి తూచారు. ముల్లు కిందే ఆగింది. ఇంకో గుప్పెడు, అదే తూకం. అప్పుడు నా వైపు తిరిగారు.

"మేస్త్రీ గారూ, ఇందులోంచి నూరు మీరు తీయండి. ఆ ఏడు ఎలా తీశారో అలాగే."

నేను చేతులు కడుక్కుని మరీ కూర్చున్నాను. మా అమ్మ చూస్తున్నట్టు తీశాను. పెట్టి తూస్తే ముల్లు పైకి లేచింది.

"సూసినారా? మీ సేతికి రానిది నా సేతికి వచ్చినాది."

ఆవిడ ముల్లు వైపు చూడటం లేదు. బల్ల మీద నేను పక్కకు నెట్టిన కుప్ప వైపు చూస్తున్నారు.

"ఇవేమిటండీ?"

"తాలు."

"ఇవి పదిహేడువి కావా?"

"పదిహేడువే. తూకానికి ఎందుకండీ ఆ ముష్టి గింజలు?"

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచారు. పదిహేడులో గింజలు ఒక తీరుగా ఉండవు. మడిలో కాలవ ఊట తగిలిన చోట బొద్దువి, పొడిగా ఉన్న చోట బక్కవి. ఏరేవాడికి అంతకంటే ఏం కావాలి? అందుకే అన్నిటిలోకీ పదిహేడు పైకి తేలింది. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు వినపడింది ఆవిడ గొణిగిన "తప్పు" అన్న మాట ఒక్కటే.

"నా లెక్కలో తప్పేటి?" అని లేచాను. "నూరంటే నూరే. ఒకటి తక్కువుంటే నా సెయ్యి నరికీండి."

"లెక్క తప్పనలేదు."

"మరేటన్నారు? మా యమ్మ ఏరిన ఇత్తనం కోసం పెద్ద పెద్దోలు మా గుమ్మంలో నిలబడీవోరు. నాకు ఏరడం రాదంటారేటి?"

"ఏరడం వచ్చు కనకనేనండీ ఈ తిప్పలన్నీ!" అని ఆవిడ నవ్వేశారు. ఏడుపు రావలసిన చోట వచ్చిన నవ్వది. నాకప్పుడు అది తెలియలేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కేశాను.

మూడు రోజులు ఇల్లు కదల్లేదు. మా ఆవిడ ఊరుకునే రకం కాదు.

"మూడు దినాలై గోడకేసి సూస్తన్నావు. గోడేటి నీకు జీతమిస్తాదా?"

"నోరు ముయ్యి."

"నాను మూస్తాను. నీ లోపలి గోల ఎవులు మూస్తారు?"

ఆదివారం చర్చి నుంచి వచ్చి చొక్కా విప్పుతుంటే సందులో గొడుగు కనబడింది. గొడుగు వెనక మేడమ్‌గారు. మా సందులోకి అలాంటివాళ్లు రారు. ఆవిడ వచ్చి మా గడప మీదే కూర్చున్నారు, ఇప్పుడు నేను పప్పు ఏరుకునే చోట. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, ఏమీ జరగనట్టు అడిగారు.

"రేవులో ఎవరైనా వ్యాపారి సంచి పైపొరలో మంచి గోధుమలు పోసి, కింద పుచ్చువి పెడితే మీరేమంటారు?"

"దొంగంటాం. ఇనప గొట్టం గుచ్చి, లోపలి గింజ లాగి, మొకాన కొడతాం."

"గొట్టం ఎక్కడ గుచ్చుతారు?"

"ఎక్కడ పడితే అక్కడ. మంచి సోటు సూసి గుచ్చితే అదేటి పరీచ్చ?"

మాట నోరు దాటాక నాకు చెవులు వేడెక్కాయి. మా ఆవిడ లోపల్నుంచి అందుకుంది. "ఆ గొట్టమేదో నీకు గుచ్చుంటే సరిపోయీది!"

ముగ్గురం నవ్వాం. నేను ఆఖర్న నవ్వాను.

అప్పుడు ఆవిడ చేతిసంచిలోంచి రెండు కాగితపు పొట్లాలు తీశారు. రెండూ పదిహేడువే. ఒకదానిలో నేను ఏరిన బొద్దు గింజలు, రెండోదానిలో నేను తోసేసిన బక్కవి.

"సంచి ఎంత పెద్దదన్నది పుట్టుక. దాన్ని ఎంతవరకు నింపారన్నది మన్ను, నీరు, ఎండ. ఈ బొద్దువి నిండిన సంచులు, బక్కవి సగం నిండినవి. సంచి మాత్రం ఒకటే. నిండినవి ఏరినంత మాత్రాన పై ఏటికి సంచి పెద్దదవుతుందా మేస్త్రీ గారూ?"

నేను ఒప్పుకోలేదు. బక్క గింజకు బక్క గింజే పుడుతుందన్నాను. "సరే, రెండూ మీరే వేయండి, మీరే నీళ్లు పెట్టండి, మీరే తూచండి" అన్నారు. అది పందెం. పందేనికి నేను వెనక్కి పోను. ఆవిడ లేచి వెళ్లబోతుంటే అడిగాను.

"మేడమ్‌గారూ, ఆ కమిటీ ముందర నా పేరు బైటెట్టొద్దండి. రేవులో పేరు పోనాది. ఇక్కడా పోతే నాకింకేటీ నేదు."

"మీ పేరు ఎందుకు వస్తుందండీ?" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

ఆ వానాకాలం ఆ రెండు వరసలకూ నేను చేసిన చాకిరీ నా పిల్లలకు కూడా చేయలేదు. బక్కవి కాస్త ఆలస్యంగా లేచాయి. "సూసినారా" అన్నాను. "చూస్తున్నాను" అన్నారు. మొలకకు తినడానికి గింజలో మేత తక్కువుంటే లేవడం ఆలస్యమేనట. నెల తిరిగేసరికి రెండు వరసలకూ ఒకటే ఎత్తు. పూత ఒకేసారి. కోశాక, ఏరకుండా, గుప్పెడు చొప్పున నూరు తీసి తూచాను. రెండు తూకాలకూ తేడా లేదు. మూడుసార్లు తూచాను, ఓడిపోయానని గట్టిగా తెలుసుకోవడానికి. దాదా పక్కనే నిలబడి, "ఏం మిస్త్రి, మీ అమ్మ ఏమంటుంది?" అని దెప్పాడు. మా అమ్మ విత్తనం మొలవడానికి ఏరేది. అది తప్పు కాదు. ఆ చేతిని తూకం దగ్గరకు తేవడం నా తప్పు.

పూజలయ్యాయి. కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు, కోట్లు. నేను టీ పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర ఉన్నాను. వాళ్లు ఆ రెండేళ్ల కాగితాలు ముందు పెట్టుకుని, మొదటి ఏటి బరువు అబద్ధమా అని ఆవిడను నిలదీశారు. ఆవిడ ఇంగ్లీషులో చాలా చెప్పారు. నాకు అందలేదు. పెద్దాయన బెంగాలీలో గద్దించాడు, ఆ లెక్క ఎవరు చేశారని. అది నాకు అందింది.

ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు. "భుల్‌టా ఆమార్" అన్నారు. తప్పు నాది. గింజలు ఎలా తీయాలో చెప్పవలసింది నేను, చెప్పలేదు, తీసేటప్పుడు పక్కన నిలబడి చూడనూ లేదు అన్నారు. పేరు బయటికి రానివ్వలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నారు.

పళ్లెం బల్ల మీద పెట్టేశాను. నాకొచ్చిన బెంగాలీలో చెప్పేశాను, ఏరింది నేను అని. ఎందుకు ఏరానో చెప్పాను. మా అమ్మ గురించి కూడా చెప్పాను. వాళ్లకు ఎంత తెలిసిందో నాకు తెలియదు. తర్వాత ఆ రెండు వరసల గింజల సంచులూ తెచ్చి, వాళ్ల ఎదురుగా కళ్లు మూసుకుని ఒక్కో దానిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాను. వాళ్లే లెక్కపెట్టుకున్నారు, వాళ్లే తూచుకున్నారు. పెద్దాయన చాలాసేపు రెండు కుప్పల వైపూ చూసి, టీ చల్లారిపోయిందన్నాడు.

సోయా పని పోలేదు. నేల సగానికి తగ్గింది, ఆ సగం వరికి పోయింది. ఆవిడకు రావలసిన పెద్ద కుర్చీ ఆ ఏడు వేరే ఎవరికో వెళ్లింది. పదిహేడు మీద అచ్చుకు పంపిన కాగితం ఆవిడే వెనక్కి తెప్పించుకున్నారు. ఈ మూడింటి గురించీ ఆవిడ నాతో ఒక్కనాడూ ఎత్తలేదు. నాకు దాదా చెప్పాడు.

ఆ సాయంత్రం బస్సులో మాత్రం అడిగారు. "మధ్యలో ఎందుకొచ్చారండీ? నేను చెప్పుకుంటున్నాను కదా."

"మీరు నా సంచి మోస్తంటే నాను సూస్తా కూకోలేనండి."

ఆవిడ కిటికీలోంచి జూట్ మిల్లు గోడలు చూస్తూ ఉండిపోయారు. ఏక్‌బాల్‌పూర్ రాగానే, "రేపు తొందరగా రండి, మిగిలినవి నూర్చాలి" అన్నారు.

ఆ తర్వాత ప్రతి ఏడూ కొత్తగా చేరిన విద్యార్థులకు ఆ రెండు వరసలూ వేసి చూపించడం ఆనవాయితీ అయింది. బొద్దు వరస, బక్క వరస. కథ చెప్పే పని నాది. "ఆ దొంగని నానే" అని మొదలుపెట్టేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు. ఆవిడ గొడుగు మీద గడ్డం ఆనించి, ఎన్నోసారైనా మొదటిసారి వింటున్నట్టు వినేవారు. గుప్పెడు తీసేటప్పుడు నేను కళ్లు మూసుకోవడం కూడా అప్పటి నుంచే. "అంత అక్కర్లేదండీ" అనేవారు. నా చెయ్యి నాకు తెలుసు. కళ్లు తెరిచి ఉంటే అది ఏరుతుంది.

ఆవిడకు బరువైన గింజ ఎప్పటికీ దొరకలేదు. చాలా ఏళ్ల తర్వాత మధ్యరకంది ఒకటి దొరికింది. ఒండ్రులో వేసినా, ఎర్రమట్టిలో వేసినా, వాన ఎక్కువైనా తక్కువైనా దాని బరువు పెద్దగా మారదు. "పెద్దది కాదు గానీ మాట తప్పదు" అని మురిసిపోయారు. ఈసారి సందేశ్ నేను తెచ్చాను.

మా పెద్దమ్మాయి బడిలో అందరికంటే పొట్టిగా ఉండేది. మా వంశంలో ఇంత పొట్టి లేరని నేను ఆవిడ దగ్గర గొణిగాను. "ఏం తింటోంది?" అని అడిగారు, అంతే. మర్నాటి నుంచి మా ఆవిడ చేత ఉడకబెట్టిన సోయా గింజలు పంపడం మొదలుపెట్టారు. అమ్మాయికి ఆ వాసన గిట్టేది కాదు. ఏడుస్తూ తినేది. ఇప్పుడు అది నాకంటే ఎత్తు. సోయా వల్లనో, వయసు వల్లనో నేను చెప్పలేను. ఆవిడను అడిగితే, "ఒక్క అమ్మాయిని చూసి ఏం చెబుతామండీ, నూరు మంది కావాలి" అన్నారు.

పోయిన నెల చూడటానికి వెళ్లాను. మంచం మీద ఉన్నారు. చెయ్యి నా చేతిలో పెడితే గింజ కంటే తేలిక. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"మేస్త్రీ గారూ, ఇంకా ఏరుతున్నారా?"

"కందిపప్పు ఒక్కటేనమ్మా."

"అది ఏరండి. మీ ఆవిడకు ఉన్న పళ్లైనా మిగలాలి."

అదే ఆఖరు మాట.

ఫోన్ వచ్చిన రోజు చాట పక్కన పెట్టి వెళ్లాను. వాకిట్లో జనం. ఆవిడ దగ్గర విద్యార్థులుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తలలు నెరిసి నిలబడ్డారు. దాదా పూలబుట్ట పట్టుకుని ఉన్నాడు. వరసలో ముందున్నవాళ్లు చూసి చూసి మంచి పూలు తీసుకుంటున్నారు. నా ముందు నిలబడ్డాయన వాడినవాటిని వేలితో పక్కకు నెట్టాడు. తప్పేం లేదు, పోయినవాళ్లకు మంచివే పెట్టాలనుకుంటారు.

నా వంతు వచ్చింది. దాదా నా ముఖంలోకి చూశాడు. నేను కళ్లు మూసుకుని, బుట్టలో అడుగుదాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీశాను. తెరిచి చూస్తే అరచేతిలో రెండు రజనీగంధ పూలు, విచ్చని మొగ్గ ఒకటి, అంచులు నల్లబడ్డ బంతిరేకులు, తడి అంటిన ఒక ఆకు. దేన్నీ పక్కకు తీయలేదు. ఉన్నవి ఉన్నట్టు ఆవిడ పాదాల దగ్గర పోశాను.